గట్టు వరసలో లెక్కపెట్టిన పురుగులు

నా చిన్నప్పుడు ఒక దసరా సెలవుల్లో జరిగిన సంగతిని ఇన్నేళ్ల తరువాత రాసి పెట్టడానికి కారణం ఉంది. దానిని ముందుగా చెప్పడం పద్ధతి. నేను పద్దెనిమిదేళ్లుగా ఇంటర్మీడియట్ విద్యార్థులకు అర్థశాస్త్రం బోధిస్తున్నాను. అర్థశాస్త్రానికి ఇతర శాస్త్రాలతో గల సంబంధం ఏమిటన్న ప్రశ్న ఏటా వస్తుంది. పిల్లలు ఏటా ఒకే జవాబు రాస్తారు. రాజనీతిశాస్త్రంతో సంబంధం కలదు, గణితంతో సంబంధం కలదు, నీతిశాస్త్రంతో సంబంధం కలదు. ఒక్కోదాని కింద రెండేసి వాక్యాలు, గైడులో ఉన్న వరసలోనే. కిందటి నెల ఒక జవాబు పత్రంలో ఆ వరసనంతా కొట్టివేసి, పక్కన "ఎలా?" అని ఎర్ర సిరాతో రాశాను. ఆ అమ్మాయి పత్రం పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చి, "మరి మీకెలా తెలిసింది మేడమ్?" అని అడిగింది. పొగరుతో అడిగిన ప్రశ్న కాదది. ఒక పీరియడులో చెప్పగల జవాబు కూడా కాదు. నాకు చెప్పిన మా మేనత్త ఇప్పుడు లేదు. అందువల్ల నేనే రాయవలసి వచ్చింది.

మాది ప్రత్తిపాడుకు దక్షిణాన నల్లరేగడి నేలల్లో ఉన్న ఊరు. తొంభైల చివరి సంవత్సరాలవి. నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఊరికి పడమట మా తాతయ్యకు మూడెకరాల చేను ఉండేది. ఆ ఏడు చేనంతా పత్తి వేశాడు. శనగపచ్చ పురుగు అన్న పేరు వింటేనే పెద్దవాళ్ల ముఖాలు మారిపోయే కాలం అది. చిటికెన వేలంత కూడా ఉండని ఆకుపచ్చ పురుగు. పూత విచ్చుకోకముందు వచ్చే మొగ్గను మావాళ్లు గూడ అంటారు. ఆ గూడకు కన్నం చేసి, తల లోపల పెట్టి తింటుంది. గూడ రాలితే కాయ లేదు, కాయ లేకపోతే పత్తి లేదు. అందుచేత ఊళ్లో ఒకరు మందు కొట్టడం మొదలుపెడితే మధ్యాహ్నానికల్లా అన్ని చేలల్లోనూ స్ప్రేయర్ల మోటార్లు మోగేవి. కొట్టిన చేలోని పురుగు కొట్టని చేలోకి నడిచి వస్తుందని అందరి నమ్మకం.

మా చేనుకు మందు ఎప్పుడు కొట్టాలో నిర్ణయించేది తాతయ్య. తెల్లవారుతుండగా తలకు తువ్వాలు చుట్టుకుని గట్టు వెంట ఒక చుట్టు తిరిగేవాడు. నాలుగు మూలల్లో నాలుగు మొక్కలు వంచి చూసేవాడు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటూ "కొట్టాలి" అనేవాడు, లేదా ఏమీ అనేవాడు కాదు. ఊళ్లో రైతులందరి పద్ధతీ అదే. చేనంటే గట్టు మీద నిలబడితే కంటికి ఆనేదే అన్నట్టు ఉండేది.

కొట్టేది మాత్రం మా నాన్న. ఆ ఏడు మూడోసారి మందు కొట్టిన రోజు సాయంత్రం ఆయన చావిట్లోకి వచ్చి, వీపున ఉన్న స్ప్రేయరు దించకుండానే కూలబడిపోయాడు. నోటి వెంట చొంగ, ఒళ్లంతా చెమట. కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయి. ఎడ్లబండి మీద ప్రత్తిపాడు దాకా, అక్కడి నుంచి కారులో గుంటూరు దాకా తీసుకుపోయారు. మూడు రోజుల తరువాత తిరిగి వచ్చాడు. ఈ పంట పూర్తయ్యేదాకా మందు వాసన సోకకూడదని, మళ్లీ ఇలా జరిగితే తాను ఏ మాటా ఇవ్వలేనని డాక్టరు చెప్పి పంపించాడు. ఇది దసరాకు పది రోజుల ముందు మాట.

పండగ రోజుల్లోనే ముసురు పట్టింది. మబ్బులో పురుగు రెట్టిస్తుందని, పండగ వెళ్లిన మూడో నాడు మందు కొట్టాలని ఊరంతా అనుకున్నారు. తాతయ్య కూలికి కొట్టే మనిషి కోసం రెండు పూటలు తిరిగాడు. ఒకే రోజు అందరికీ కావలసిన మనిషి ఎవరికి దొరుకుతాడు? ఎంత ఇస్తామన్నా, "రేపు మా చేనే కొట్టుకోవాల పెద్దయ్యా" అన్నవాళ్లే. నాన్న గోడకు ఆనుకుని అంతా విని, "నేను కొడతాలే నాన్నా. మూతికి గుడ్డ గట్టిగా కట్టుకుంటా" అన్నాడు. వంటింట్లో మా అమ్మ ఒక గిన్నెను నేలమీద గట్టిగా పెట్టిన చప్పుడు వినిపించింది. కోడలు అంతకు మించి మాట్లాడగల ఇల్లు కాదు మాది.

మాట్లాడింది మా మేనత్త. నాన్నకు అక్క. గుంటూరులో ఒక ఆడపిల్లల కళాశాలలో అర్థశాస్త్రం చెప్పేది. పండగకు వచ్చి ఉంది.

"పురుగు ఎంతుందో చూడకుండా మందేంది నాన్నా?" అంది.

"చూడకుండా ఏంది? పొద్దున్నేగా చూసొచ్చింది. కుప్పలుగా ఉంది."

"గట్టు మీద నుంచేగా."

"నలభై ఏళ్ల నుంచి ఆ గట్టు మీద నుంచే చూస్తన్నా. నిన్ను చదివించింది కూడా అట్టా చూసే."

అత్తయ్య నొచ్చుకోలేదు. వర్షాకాలంలో ఊరికి వచ్చిన వ్యవసాయ అధికారి చెప్పిన మాట గుర్తుచేసింది. చేలో ఇరవై మొక్కలు చూడాలి. మొక్కకొక పురుగు లెక్కన ఇరవై గాని, ఆ పైన గాని ఉంటే మందు కొట్టాలి, తక్కువ ఉంటే ఆగాలి. ఆ అధికారే గట్టు వెంట బంతి వేయమని, పురుగు తల్లి ముందు బంతిమొగ్గ మీద గుడ్లు పెడుతుందని చెప్పి వెళ్లాడు. బంతి వేశాడు తాతయ్య. పండక్కి పూలొస్తాయని వేశాడు. లెక్క సంగతి మరిచిపోయాడు.

"నీ లెక్క నేను నమ్మను. తమ్ముణ్ణి చేలోకి పోనియ్యకూడదని ముందే అనుకుని లెక్కేస్తావు."

"మీ లెక్క నేనూ నమ్మను. మీరు భయంతో లెక్కేస్తారు."

ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు. "పిల్ల లెక్కేసిద్ది. దాంతో ఎవురూ పోవద్దు," అన్నాడు తాతయ్య. "ఇరవై ఉంటే కొట్టాల్సిందే. తక్కువుంటే నేను నోరెత్తను." ఆయన అన్న మాట వెనక్కు తీసుకోగా ఎవరూ చూడలేదు. నాకు పదమూడేళ్లు. మర్నాడు ఉదయం నేను చెప్పబోయే అంకెను బట్టి నాన్న ఆ ట్యాంకు వీపున కట్టుకోవడమో, మానడమో ఉంటుందని నాకు స్పష్టంగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు. అందుకే ఈ మాట ఇక్కడ రాస్తున్నాను.

లెక్కపెట్టే తీరు అత్తయ్య నేర్పింది. తూర్పు మూల నుంచి పడమటి మూలకు ఏటవాలుగా చేనుకు అడ్డంపడి నడవాలి. పదిహేను అడుగులకు ఒకసారి ఆగాలి. ఎడమచేతికి ఏ మొక్క తగిలితే దానినే చూడాలి. చిగురు, ఆకు అడుగు, గూడలు అన్నీ. "బాగున్న మొక్కని వెతకొద్దు, పాడైన మొక్కనీ వెతకొద్దు. మొక్కని నువ్వు ఎంచకూడదు, నీ అడుగు ఎంచాలి" అంది. ఆ సాయంత్రం ఆమె ఒక్కతే చేను వైపు వెళ్లి, దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చింది. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. నేను పట్టించుకోలేదు.

తెల్లవారగానే చేనుకు చేరుకున్నాను. పత్తి నా భుజాల దాకా పెరిగి, ఆకు ఆకు మీదా నీళ్లు నిలిచి ఉన్నాయి. వరసల మధ్య నేల కనిపించడం లేదు. కిందటి వారం గడ్డికి వెళ్లిన ఒకావిడకు ఆ దాపుల్లోనే తాచుపాము కనిపించింది. ఒంటి మీద పండగకు కుట్టించిన పరికిణీ. మూల దగ్గర నిలబడి ఒక కాలు లోపల పెట్టాను, మళ్లీ తీశాను.

అప్పటికే పక్క చేను బాబాయి డ్రమ్ములో మందు కలుపుతున్నాడు. తాతయ్యను పెదనాన్నా అని పిలిచే మనిషి, నోరు మంచిదే గాని ఎగతాళి ఎక్కువ.

"ఏమే, పొద్దున్నే బంతిపూలకొచ్చావా?"

పురుగులు లెక్కపెట్టడానికి వచ్చానన్నాను.

"లెక్కపెట్టడవేందే? మీ అత్త గుంటూరులో చెప్పేది ఇదేనా? పేర్లు కూడా పెట్టమందా వాటికి?" అని చాలాసేపు నవ్వి, గట్టు పక్క మొదటి వరసను చేత్తో చూపించాడు. "లోపలికి పోయి కొత్త బట్టలు తడుపుకోవడం దేనికి? ఇరవై మొక్కలేగా. ఈ వరస చూసుకో. ఏ మొక్కైనా మీ చేలోదేగా."

ఆయన మాట నాకు న్యాయంగా తోచింది. తోచిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజానికి నా భయానికి ఒక సాకు కావలసి వచ్చింది, అది ఆయన నోట దొరికింది. గట్టు మీదనే నడుస్తూ మొదటి వరసలో ఇరవై మొక్కలు వంచి చూశాను. పురుగులు నిండుగా ఉన్నాయి. ఒక్కో మొక్కకు రెండు, కొన్నిటికి మూడు. మొత్తం ముప్పై నాలుగు. రెండోసారి కూడా లెక్కపెట్టాను. కూడికలో తప్పు లేదు.

పొద్దు కొంచెం పైకి వచ్చేసరికి ఎడ్లబండి మీద డ్రమ్ము, స్ప్రేయరు వేసుకుని ఇంట్లోవాళ్లు వచ్చారు. స్ప్రేయరు మీద ఆయుధపూజ నాటి కుంకుమబొట్లు ఇంకా చెరిగిపోలేదు. "ఎంత?" అన్నాడు తాతయ్య బండి దిగకుండానే. "ముప్పై నాలుగు" అన్నాను. ఆయన గెలిచినట్టు కనిపిస్తాడనుకున్నాను. ముఖం వాడిపోయింది. కొడుకు వైపు చూసి, చూపు తిప్పుకుని, "ఇక తప్పదు" అన్నాడు. అంకె తక్కువ రావాలని ఆయన కూడా రాత్రంతా కోరుకున్నాడని అప్పుడు అర్థమైంది.

అత్తయ్య వాదించలేదు. నా దగ్గరకు వచ్చి మామూలుగా అడిగింది. "నిన్న నేను కొన్ని మొక్కలకి ఎర్ర దారం కట్టొచ్చా. నువ్వు నడిచిన దారిలోనే. ఎన్ని తగిలినయ్యి నీకు?"

"మూడు" అన్నాను.

"సరే" అంది. వంగి నా పరికిణీ సర్దుతున్నట్టు చేస్తూ, ఎవరికీ కనబడకుండా గుప్పిట తెరిచింది. అందులో మా నాయనమ్మ పూజకు తడిపి ఆరబెట్టిన దారం ఉండ ఉంది. పసుపు దారం. ఆ ఇంట్లో ఎర్ర దారమే లేదు. మళ్లీ గుప్పిట మూసి, డ్రమ్ము పక్కకు వెళ్లి నిలబడింది. తిట్టి ఉంటే నాకు ఊపిరాడేది.

తరువాత జరిగినవన్నీ నిదానంగా జరిగాయి. లేదా నాకు అలా గుర్తున్నాయి. నాన్న సీసా మూత తీసి మందు డ్రమ్ములో పోశాడు. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఆ వాసనకే ఆయన ఒకసారి తల పక్కకు తిప్పుకున్నాడు. అమ్మ వెనక నిలబడి ముక్కు మీదుగా తువ్వాలు రెండు చుట్లు చుట్టి ముడి వేసింది. ముడి వేసిన తరువాత కూడా ఆమె చేతులు కాసేపు స్ప్రేయరు దగ్గరే ఉన్నాయి. పక్క చేలో బాబాయి మోటారు మోగింది. తాతయ్య ట్యాంకు ఎత్తి కొడుకు వీపుకు ఆనించి పట్టీలు బిగించాడు. నాన్న తాడు లాగాడు. మోటారు అంటుకోలేదు. రెండోసారి లాగాడు. అంటుకోలేదు. నేను అత్తయ్య వైపు చూశాను. ఆమె నన్ను చూడటం లేదు, చేను చూస్తోంది. మూడోసారి తాడు పట్టుకున్నాడు.

"తాతయ్యా, నేను లోపలికి పోలేదు" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. మళ్లీ అరిచి చెప్పాను. "నేను లోపలికి పోలేదు. గట్టు వరసే లెక్కేశా. దారాలు చూళ్లేదు."

నాన్న చేతిలో తాడు వదులైంది. తాతయ్య నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. ఆయన చెయ్యి లేస్తుందని కళ్లు మూసుకున్నాను.

"అబద్ధం ఎందుకు చెప్పావు?"

"భయమేసింది."

"దేనికి? పాముకా?"

"ముందు పాముకి. తరవాత మీకు."

తాతయ్య చెప్పులు విడిచాడు. పంచె పైకి ఎగగట్టాడు. "పద. ఎక్కడ మీ అత్త దారాలు?" అని నా కంటే ముందు చేలోకి దిగాడు. పత్తి తీతలప్పుడు తప్ప ఆయన నిలువు పైరు నడుమకు వెళ్లడం నేను అంతకు ముందు ఎరగను.

తాతయ్యా, అత్తయ్యా, నేనూ ముగ్గురం ఏటవాలుగా నడిచాం. పదిహేను అడుగులకో మొక్క, మొక్క మెడలో పసుపు దారం. మొదటి మూడింటిలో ఒక్క పురుగు కూడా లేదు. తాతయ్య ఆగిపోయి, "మంచి మొక్కలు చూసి కట్టొచ్చావు నువ్వు" అన్నాడు కూతురితో. "అయితే పక్క మొక్క మీరే ఎంచుకోండి నాన్నా. దాన్నీ లెక్కేద్దాం" అంది ఆమె. అక్కడి నుంచి వెనక్కు వెళ్లి మళ్లీ మొదలుపెట్టాం. దారం ఉన్న మొక్క ఒకటి, తాతయ్య చూపించిన మొక్క ఒకటి. ఆయనకు దగ్గరి చూపు ఆనదు. ఆకులు ఆయన తిప్పేవాడు, నేను చూసి చెప్పేదాన్ని. ఆయన ఎంచుకున్నవన్నీ వాడిన మొక్కలేనని నేను గమనించాను, అనలేదు. పడమటి గట్టు చేరేసరికి దారం కట్టిన ఇరవైలో పదకొండు పురుగులు. తాతయ్య ఎంచిన ఇరవైలో పదమూడు.

నడుమ ఒకచోట ఆకు తిప్పిన తాతయ్య, "ఇదేంది, ఇన్ని అక్షింతల పురుగులు?" అన్నాడు. నారింజ రంగు వీపు మీద నల్ల చుక్కలుండే ఆ చిన్న పురుగులను మావైపు అలా అంటారు. అవి శనగపచ్చ పురుగు గుడ్లను తింటాయని అత్తయ్య చెప్పింది. "మూడెకరాలకీ కాపలా కాస్తన్నయ్యి. మనం కూలి ఇస్తన్నామా వీటికి? మందు కొడితే ముందు చచ్చేది ఇవే. అప్పుడు వీటి పని కూడా మందే చెయ్యాల. అందుకే ఒకసారి కొట్టినోళ్లు మళ్లీ మళ్లీ కొట్టాల్సొస్తంది." గుంటూరులో ఎంత చదువు చెప్పినా చేలో ఆమె మాట చేలో మాటగానే ఉండేది.

"అది సరే. గట్టు వరసలో ముప్పై నాలుగు ఎట్టా వచ్చినయ్యి?" అన్నాడు తాతయ్య. ఆ ప్రశ్నకు అత్తయ్య దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఉంది. పండగ ముందు రోజు గట్టు మీది బంతిపూలన్నీ కోసింది నాయనమ్మా నేనూ. పూలలో పురుగులు ఉంటే అమ్మవారికి పనికిరావని, ఒక్కో పువ్వునూ తొడిమ పట్టుకుని విదిలించి బుట్టలో వేశాం. విదిలించినవి పత్తి మొదళ్ల దగ్గర పడ్డాయి. పూలు లేని బంతి మీదకు అవి తిరిగి ఎందుకు పోతాయి? పక్కనే ఉన్న పత్తి ఎక్కాయి. నేను ఆ ఉదయం లెక్కపెట్టింది మేం స్వయంగా దులిపి పోసిన పురుగులను. బంతి చేయవలసిన పని బంతి చేస్తూనే ఉంది. మేమే దాని చేతిలోంచి లాగి పత్తికి ఇచ్చాం. ఇంటికి వెళ్లాక ఈ సంగతి చెబితే నాయనమ్మ, "అయితే పురుగుపూలు పెట్టమంటారా అమ్మవారికి?" అని మా అందరినీ కోప్పడింది.

పదకొండు ఇరవై కంటే తక్కువ. తాతయ్య మాట ప్రకారం మందు లేదు. కలిపిన మందును చేనుకు దూరంగా బీట్లో గొయ్యి తీసి పోయించాడు. గట్టు పక్క రెండు వరసల్లో పురుగులను చేతులతో ఏరి కిరసనాయిలు కలిపిన నీళ్ల డబ్బాలో వేశాం, అమ్మా, అత్తయ్యా, నేనూ. నాన్నను బండి మీద కూర్చోబెట్టారు. "ఏం పెదనాన్నా, చేతులతో ఏరి ఎన్నాళ్లు బతుకుతారు మీరు?" అని బాబాయి ఆ గట్టు నుంచి కేకేశాడు.

ఏరుతూ ఏరుతూ అత్తయ్య చెప్పిన పాఠం నేను అప్పటికి సగమే గ్రహించాను. ఇరవై అన్నది పురుగుల సంఖ్య కాదని, అది త్రాసు ముల్లు అని ఆమె అన్నది. ఒక పళ్లెంలో పురుగు తినేది. రెండో పళ్లెంలో దానిని చంపడానికి మనం వదులుకునేది. ముల్లు నిలువుగా నిలబడిన చోట ఎవరో ఇరవై అని గుర్తు పెట్టారు. పురుగు ఎంత తింటుందో, ఎప్పుడు గుడ్డు పెడుతుందో చెప్పవలసింది జంతుశాస్త్రం తెలిసినవాడు. ఎన్ని మొక్కలు, ఎలా నడిచి చూస్తే చేనంతా చూసినట్టో చెప్పవలసింది గణాంకశాస్త్రం తెలిసినవాడు. మందు మనిషి నరాలను ఏం చేస్తుందో డాక్టరు చెప్పాడు. పక్కవాడి మోటారు వినగానే మన చెయ్యి తాడు మీదకు ఎందుకు పోతుందో చెప్పడానికి మనసు చదివినవాడు కావాలి. "వాళ్లందరూ చెప్పింది విని, ఇది కావాలంటే ఏది వదులుకోవాలీ అని అడిగేదే మా శాస్త్రం. అడగడం తప్ప సొంతంగా దానికేం లేదు" అంది.

నేను అడిగాను. "ఆఫీసరు ఇరవై అని చెప్పినప్పుడు రెండో పళ్లెంలో నాన్న ఊపిరి కూడా వేశాడా అత్తయ్యా?"

ఆమె చేతిలో పురుగు చేతిలోనే ఉండిపోయింది. "వేసి ఉండడు. ఆయనకి మీ నాన్న తెలియదుగా. అది మనమే వేసుకోవాల" అంది.

ఆ రోజుతో భయం పోలేదు. మర్నాడు పొద్దున నేనే లోపలికి వెళ్లి లెక్కపెట్టాను, పదమూడు. ఆ మర్నాడు పదహారు. ముసురు విడవలేదు. చుట్టూ చేలన్నీ మందు వాసన కొడుతుంటే మా చేను ఒక్కటే నడుమ పచ్చగా, మూర్ఖంగా నిలబడి ఉన్నట్టు అనిపించేది. తాతయ్య అన్నం సరిగా తినడం మానేశాడు. నాలుగో నాడు పంతొమ్మిది. ఆ అంకె చెప్పి నేను ఆయన ముఖం వైపు చూడలేకపోయాను. అబద్ధం చెప్పడానికి ఆ పూట ఉన్నంత కారణం నాకు జీవితంలో మళ్లీ ఎప్పుడూ లేదు. తాతయ్య స్ప్రేయరులో పెట్రోలు పోయించి వసారాలో పెట్టి, "రేపు ఇరవై అయితే నేనే కట్టుకుంటా. వాణ్ణి పోనివ్వను" అన్నాడు. ఆయనకు అప్పుడు డెబ్భై దాటాయి. నలభై ఏళ్లు "కొట్టాలి" అన్న మనిషి "నేను కొడతా" అనడం అదే మొదలు. ఐదో నాడు ఎండ కాసింది. లెక్క పద్నాలుగు. ఆ తరువాత పదికి పైన రాలేదు.

ఆ ఏడు మా చేను విరగపండిందని రాస్తే అది మరో ముప్పై నాలుగు అవుతుంది. ఒక మోస్తరుగా పండింది. గట్టు వరసలు దాదాపుగా పోయాయి. బాబాయి చేలో శనగపచ్చ పురుగు తగ్గిందిగాని, ఆ నెల దాటకముందే ఆకుల అడుగున తెల్లదోమ కమ్ముకుంది. దానికి మళ్లీ కొట్టాడు. ఆయన ఎగతాళి మానలేదు, కాకపోతే మరుసటి సంవత్సరం గట్టు వెంట బంతి వేశాడు. మా నాన్న ఇప్పటికీ ఉన్నాడు. ఆ ఉదయం మోటారు ఎందుకు అంటుకోలేదో మాకు చాలా ఏళ్లకు తెలిసింది. తువ్వాలు ముడి వేసిన చేత్తోనే అమ్మ పెట్రోలు కుళాయి మూసివేసింది. "మూడోసారి కాకపోతే నాలుగోసారికి చూసుకునేవాడుగా. కాసేపు ఆపుదామనుకున్నా, అంతే" అన్నది.

అత్తయ్య నన్ను అందరి ముందూ ఎందుకు బయటపెట్టలేదని కూడా తరువాతి రోజుల్లో అడిగాను. తాను చెబితే అది తన పక్షం మాట అయ్యేదని, తప్పు లెక్కను దిద్దితే లెక్కపెట్టినవాళ్లే దిద్దాలని అన్నది. నేను అర్థశాస్త్రం చదవడానికి ఆ మాట ఎంత కారణమో, ఆ గుప్పిట అంత కారణం. ఈనాటికీ ఒక పట్టిక గాని, ఒక సగటు గాని నా ముందుకు వస్తే, కూడిక సరిచూసేకన్నా ముందు ఇది ఏ వరసలో లెక్కపెట్టారని అడుగుతాను. రెండో పళ్లెంలో ఎవరి ఊపిరి వేయడం మరిచారని అడుగుతాను. నా విద్యార్థులకు ఇది చాదస్తంగా ఉంటుంది. ఉండనివ్వండి.

పదకొండు, పదమూడు అన్న అంకెలు నాకు రూఢిగా గుర్తున్నాయి. మూడో నాటి పదహారు మాత్రం పదిహేను కావచ్చు. పురుగుల అలవాట్లను, మందుల గుణాలను గురించి నేను రాసినదానిలో ఆ శాస్త్రాలు చదివినవారికి తప్పులు కనిపించవచ్చు. నాతోపాటు ఆ నేలల్లో పత్తి పెంచినవారికి ఇంకా ఎక్కువ కనిపించవచ్చు. దయచేసి దిద్దండి. ఎక్కడైనా నేను మళ్లీ గట్టు మీదనే నిలబడి రాసినట్టు తోస్తే, ఆ చోటు చూపించండి. ఈసారి లోపలికి దిగి, మళ్లీ లెక్కపెట్టి వస్తాను.